స్కూబా సలహాల పేరుతో తిరుగుతున్న సందేశంలో తప్పులు

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా, స్కూబా డైవింగ్‌కు, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీటి అడుగుకు దిగడానికి, వెళ్లేవారికి సలహాలంటూ ఒక సందేశం తిరుగుతోంది. భారతీయులకు ఈత రాదు, నీళ్లలో కంగారు పడతారు, అందుకే విదేశాల్లో మనల్ని చులకనగా చూస్తారు కనుక భయాన్ని బయటపెట్టవద్దని అది చెబుతోంది. థాయ్‌లాండ్, ఇండోనేషియా వాళ్లకు జాగ్రత్త తెలియదు కాబట్టి తెల్లజాతివారు నడిపే డైవింగ్ కేంద్రాల్లోనే డబ్బు కట్టాలట. డైవింగ్ శిక్షణ పూర్తిచేశాక ఇచ్చే కార్డు ఉంటే 40 మీటర్ల దాకా దిగవచ్చట, పొద్దున డైవ్ చేసి సాయంత్రం విమానం ఎక్కినా నష్టం లేదట. కొన్నేళ్లుగా డైవింగ్ చేస్తున్న నాకు దీన్ని చూసి ఊరుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే ఇందులో కొన్ని మాటలు ప్రాణం మీదికి తెచ్చేవి.

ముందుగా ఈత సంగతి. మనలో చాలామందికి ఈత రాదన్నది నిజమే కానీ, అది పుట్టుకతో వచ్చే లోపం కాదు. కాలువ గట్టున పెరిగిన గోదావరి జిల్లాల పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఈదుతారు. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడి ముత్యాల వేటగాళ్లు తరతరాలుగా సిలిండరు లేకుండానే అడుగుకు దిగారు. డైవింగ్ శిక్షణ ప్రమాణాలు నిర్ణయించే పాడి (PADI) సంస్థ వారి ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సులో చేరినవారు ఏ దేశం వారైనా 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, లేదా మాస్కు, కాళ్లకు తొడిగే ఫిన్లు, ఊపిరి పీల్చే గొట్టమైన స్నార్కెల్‌తో 300 మీటర్లు ఈదాలి. ఆపైన 10 నిమిషాలు నీటిపై తేలి ఉండాలి.

భయాన్ని బయటపెట్టవద్దన్న సలహాను మాత్రం నేను అంత తేలికగా వదలలేను. నీటిలో 10 మీటర్లు దిగేసరికి మనపై ఒత్తిడి రెట్టింపు అవుతుంది, అంటే చెవులపై అతి పెద్ద మార్పు మొదటి కొద్ది మీటర్లలోనే వస్తుంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊది మధ్య చెవిలోని ఒత్తిడిని ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. నొప్పి మొదలైతే అక్కడే ఆగి కొంచెం పైకి రావాలి. నా రెండో డైవ్‌లో కుడి చెవి నొప్పి పెట్టింది. అరచేతిని బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపి చెవి చూపించి ఉంటే చాలేది. 'ఇండియా వాళ్లింతే' అనుకుంటారేమోనని నేను చేయెత్తలేదు. పైకి వచ్చాక మాస్కులో రక్తం కనిపించింది, మూడు వారాలు ఆ చెవి సరిగా వినిపించలేదు. ఈ సందేశం చదివి మొదటిసారి నీళ్లలోకి దిగబోయే వాళ్లు సరిగ్గా ఇదే తప్పు చేస్తారన్నదే నా ఆందోళన. కంగారుతో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ప్రమాదం ఇంకా పెద్దది: 10 మీటర్ల లోతున నిండిన ఊపిరితిత్తుల్లోని గాలి పైకి చేరేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే బాగోలేదని ముందే చెప్పే మనిషిని మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎప్పుడూ చిన్నచూపు చూడడు.

తెల్లజాతివారు నడిపితే భద్రం అన్న మాటకు రెండు ఘటనలు గుర్తు చేస్తాను. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ బోటు తలలు సరిగా లెక్కపెట్టకుండానే తిరిగి వచ్చింది. సముద్రంలో మిగిలిపోయిన అమెరికన్ దంపతులు లేరన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు రాత్రివేళ తగలబడి 34 మంది చనిపోయారు. అందరూ నిద్రలో ఉండగా కాపలా తిరిగే మనిషి లేడు. ఈ ఘటనలను చూపి ఆ దేశాల వారంతా అజాగ్రత్తపరులంటే నేనూ అదే తప్పు చేసినవాణ్ణవుతాను. డబ్బు కట్టే ముందు ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకువెళతాడో, బోటులో ఆక్సిజన్ సిలిండరు ఉందో లేదో, ఆరోగ్య ప్రశ్నపత్రం నింపిస్తారో లేదో, తలలు ఎవరు లెక్కపెడతారో అడగాలి. చౌక అన్న ఒక్క కారణంతో ఎంచుకోవద్దని ఆ సందేశంలో ఉన్న ముక్కతో మాత్రం నేనూ ఏకీభవిస్తాను.

లోతు గురించి చెప్పింది పూర్తిగా తప్పు. ఓపెన్ వాటర్ కార్డుకు హద్దు 18 మీటర్లు, కార్డు లేని పరిచయ డైవ్‌కు 12. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు ఎంత పెద్ద కార్డు ఉన్నా నియమం ప్రకారం 30 మీటర్లే.

ఇక విమానం. నీటి అడుగున ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి; ఆలోగా గాలి ఒత్తిడి తగ్గే ఎత్తుకు వెళితే అది బుడగలై డీకంప్రెషన్ జబ్బు తెస్తుంది. విమానం లోపలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేటంత, ప్రయాణం రెండు గంటలదైనా అంతే. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ప్రకారం ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. ఇది 2,000 అడుగులు దాటిన ఎత్తులకు చేసిన సూచన. మన బెంగళూరు సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ వెళ్లి నేత్రాణి దీవి దగ్గర డైవ్ చేసి, ఆ రాత్రే బస్సులో ఘాట్లు ఎక్కి వచ్చేవారికీ ఇదే లెక్క. ఆదివారం మధ్యాహ్నం 12కి రెండో డైవ్ ముగిస్తే సోమవారం ఉదయం 6 దాకా కిందే ఉండాలి. అందుకని నేను శనివారమే డైవింగ్ పూర్తిచేసి, ఆదివారం పగటి బస్సుకు టికెట్ తీసుకుంటాను.