గురి సంగతి తర్వాత, ముందు బిల్లు చూపించండి

తుపాకీ ముఖ్యమా, గురి ముఖ్యమా అన్న చర్చకు విజయవాడలో ఇక తావు లేదని మనవి. తుపాకీయే ముఖ్యం. అదీ ఫారిన్ వేట రైఫిల్ అయితే మరీను. గురి అనేది డబ్బు లేనివాళ్లు నేర్చుకునే విద్య.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని మన దేశంలో వేట లేదు. అందుకే ఇక్కడ వేట రైఫిల్ కొన్నవాడికి ఏ టెన్షనూ ఉండదు. బీరువాలో ఉన్నంతకాలం ఏ రైఫిలూ గురి తప్పదు.

ప్రమాణం కావాలంటే మన ఇంద్రకీలాద్రినే అడగండి. చేతిలో గాండీవం ఉండి కూడా అర్జునుడు ఈ కొండ మీద తపస్సు చేశాడంటే దేనికి? పాశుపతం కోసం. అంటే అప్‌గ్రేడ్ కోసం. అంతకుముందు రాత్రుళ్లు చీకట్లో బాణాలు వేసి సాధన చేశాడట గానీ, షాపుకెళ్లేవాళ్లకు ఆ భాగం అనవసరం.

మన ఊరి అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి, గురి చూసే భూతద్దం ఉంటుంది. కాబట్టి ఆ పతకాలు కప్పీలవే. ఓడినవాళ్ల విల్లుకూ అవే కప్పీలున్నాయి కదా అని కొంటె ప్రశ్నలు వెయ్యకండి.

కొందరు నరభక్షక పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌ను అడ్డం పెట్టుకుని వాదిస్తారు. 436 మందిని పొట్టనబెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో వేటాడినప్పుడు, తెచ్చుకున్న మూడు తూటాలూ అయిపోతే ఆయన పరుగున వెళ్లి తహసీల్దారు చేతిలో తుపాకీ లాక్కున్నాడు. గొట్టానికీ దాన్ని వెనక మూసే బిళ్లకూ మధ్య సందున్న డొక్కు తుపాకీ అది. ఆఖరి దెబ్బ దానితోనే. పేరుమోసిన రిగ్బీ రైఫిల్ ఆ తర్వాత ప్రభుత్వ బహుమానంగా వచ్చింది. ఇందులో తప్పంతా ప్రభుత్వానిదే. రిగ్బీ ముందే ఇచ్చి ఉంటే ఆయనకు ఆ పరుగు తప్పేది.

పటమటలో మా మిత్రుడొకరు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ తెప్పించారు. శక్తి 20 జౌళ్లు దాటదు కనుక లైసెన్సు అక్కర్లేదు. దాని మీది స్కోపు ఖరీదు రైఫిల్‌ను మించింది. మేడ మీద, పది మీటర్ల దూరంలో, పిట్టగోడ పక్కన స్టూలు మీద కూల్‌డ్రింక్ డబ్బా పెట్టించారు. స్టాండు విప్పారు, గాలి వేగం కొలిచే మీటరు చూశారు, ఊపిరి బిగబట్టారు. ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాల్సింది పోయి, ఆటో స్టార్ట్ చేసినట్టు ఒక్క గుంజు గుంజారు. డబ్బా కదల్లేదు. పక్కింటి డిష్ యాంటెన్నా టంగుమంది.

కృష్ణ మీది గాలి అన్నారాయన. వెనకటికి ఆడలేనివాడు మద్దెల ఓడు అనేవాడు, ఇప్పుడు కొత్త మద్దెలకు ఈఎంఐ కడుతున్నాడు. ఇంతలో వాచ్‌మన్ కొడుకు జేబులోంచి పంగలకర్ర తీసి, గులకరాయి పెట్టి, డబ్బాను కింద పడేశాడు. అది ఏ కంపెనీదని అడిగితే జామకొమ్మదన్నాడు. వారంటీ లేని వస్తువుతో కొట్టిన దెబ్బ చెల్లదని మేం ఏకగ్రీవంగా తీర్మానించాం. యాంటెన్నా బిల్లు మాత్రం పక్కింటాయన సాయంత్రమే పంపించాడు.