సొంత డబ్బు పెట్టాడని కళ్లు మూసుకోవాలా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా మిర్యాలగూడ టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత కాలనీ గ్రూపులో, ఇంకోసారి ఎవరో పాత క్లయింటు నుంచి. చివరికి మా బావ విడిగా పంపాడు, కింద రెండు దండాల బొమ్మలు పెట్టి మరీ. బావకు జవాబు టైప్ చేస్తుంటే పొడుగైపోయింది. అందరికీ పనికొస్తుందని ఇక్కడే పెడుతున్నా.

మెసేజ్ చెప్పేది ఇది: ప్రమోటర్ (కంపెనీ పెట్టి నడిపేవాడు) కుటుంబం చేతిలో సగానికి పైగా వాటా ఉన్న కంపెనీలే సేఫ్. సొంత డబ్బు కాబట్టి మోసం చేయరు. తరతరాల కోసం ఆలోచిస్తారు. శాంసంగ్ కూడా కుటుంబానిదే. కాపలాకు ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే ఆ కుటుంబంతో సంబంధం లేని బోర్డు సభ్యులు, ఉండనే ఉన్నారు. జీతగాళ్లు నడిపే కంపెనీలే మునుగుతాయి. కాబట్టి వాటి షేర్లు కళ్లు మూసుకుని కొనండి.

శాంసంగ్ సంగతి ముందే తేల్చేద్దాం. ఆ కుటుంబ వారసుడు లంచం కేసులో జైలుకు పోయి, 2021లో పెరోల్ మీద వచ్చి, 2022లో క్షమాభిక్ష పొందాడు. ఫోన్లు బాగుంటాయి, నేనూ వాడతా. తర్వాతది.

తరతరాల ఆలోచనా? ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండానే పోయారు. 2005లో తల్లి మధ్యలో కూర్చుని ఇద్దరు కొడుకులకు కంపెనీలు పంచాల్సి వచ్చింది. ఆ అన్నదమ్ముల పంచాయితీ తేలేదాకా లక్షలమంది వాటాదారులు వాకిట్లో నిలబడ్డట్టే.

ఇక అసలుది, జనాన్ని ముంచేది: 'సొంత డబ్బు కాబట్టి మోసం చేయరు.'

మా నాన్నకు ఒక రైస్ మిల్లులో రూపాయికి రెండణాల వాటా ఉండేది. మిల్లు నడిపే ఆయన కుటుంబానిది పది అణాలు, అంటే పదహారింట సగానికి పైనే. మెసేజ్ లెక్కన బంగారంలాంటి కంపెనీ. బియ్యం లెక్క గింజ తేడా లేకుండా చూపేవాళ్లు. తౌడు మాత్రం ఒక నూనె మిల్లుకు మార్కెట్ రేటు కంటే తక్కువకు పోయేది. ఆ నూనె మిల్లు ఆయన భార్య పేరున ఉంది. లారీలు బామ్మర్దివి, వాటి కిరాయి ఊళ్లో అందరికంటే ఎక్కువ. ఏడాది చివర మిల్లు లాభం ఎప్పుడూ అంతంత మాత్రమే. నాన్న ఒక్కసారి తౌడు రేటు అడిగితే "నమ్మకం లేదా బాబాయ్?" అన్నాడట. నాన్న మళ్లీ అడగలేదు. చివరికి ఆ రెండణాలూ వాళ్లకే, వాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చేశాం.

పెద్ద కంపెనీలో కూడా తౌడు ఉంటుంది బావా. దాని పేరు బ్రాండు ఫీజు కావచ్చు, ఆఫీసు అద్దె కావచ్చు, ముడిసరుకు కొనుగోలు కావచ్చు. లిస్టెడ్ కంపెనీలో, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లు అమ్ముడయ్యేదాన్లో, కుటుంబానికి 55 శాతం, పక్కనున్న ప్రైవేటు కంపెనీలో నూటికి నూరు ఉందనుకో. మొదటిదాన్లోంచి రెండోదాన్లోకి 100 రూపాయలు జారితే, ఆ ఇంటికి ఒక జేబులో 55 పోయి ఇంకో జేబులోకి 100 వస్తాయి. పైన వచ్చిన 45 నీదీ నాదీ. సొంత డబ్బు పెట్టినవాడికి ఇందులో నష్టం ఎక్కడుందో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వాటా తగ్గేకొద్దీ ఈ బేరం ఇంకా లాభం. 2008 డిసెంబరు 16న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం బోర్డు, దాని చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. అప్పటికి సత్యంలో ఆ కుటుంబం వాటా 9 శాతం లోపే. సగానికి పైగా ఉండుంటే అంత తెగించేవాళ్లు కాదేమో. ఇక్కడ మెసేజ్‌దే పైచేయి. జీతగాళ్ల పాయింటు కూడా సగం ఇచ్చేస్తున్నా: 2018లో కూలిన ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కు (రోడ్లు, వంతెనల లాంటి వాటికి డబ్బు సమకూర్చే సంస్థ) కుటుంబ ప్రమోటరే లేడు. ఎల్ఐసీ, ఎస్‌బీఐ లాంటి పెద్దలే వాటాదారులు. అప్పు 90 వేల కోట్లు దాటింది.

కాపలాదారుల సంగతి మాత్రం వదిలిపెట్టను. ఆ సత్యం బోర్డులో కేబినెట్ సెక్రటరీగా చేసినాయన, హైదరాబాద్ బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ ఇండిపెండెంట్ డైరెక్టర్లు. తీర్మానం ఏకగ్రీవం! ఆపింది వాళ్లు కాదు. అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోయి, ఇన్వెస్టర్లు గోల పెడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని రాజే రాసిచ్చాడు. మేటాస్ కొనుగోలు ఆ బొక్క పూడ్చడానికేనట.

ఇండిపెండెంట్ డైరెక్టర్‌ను పెట్టాలంటే 2022 నుంచి లిస్టెడ్ కంపెనీల్లో పడిన ఓట్లలో సాధారణంగా ముప్పావు వంతు రావాలి. రూలు మంచిదే. కానీ ప్రమోటర్‌కు 60 శాతం ఉండి, మొత్తం పడిన ఓట్లు 80 శాతమే అయితే ఆ 60 సరిగ్గా ముప్పావే. అసలు పడని ఆ 20 ఎవరివంటావా? నీలాంటి వాళ్లవి. ఓటు వేయమని మెయిల్ వస్తుంది, నువ్వు డిలీట్ చేస్తావు. వేస్తే ఏమవుతుందో 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకులు చేసే ఐషర్ మోటార్స్‌లో చూశాం. ప్రమోటర్లకు సగానికి కాస్తే తక్కువ వాటా ఉన్నా, జీతం పెంపు నచ్చక ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకాన్ని వాటాదారులు ఓడించారు. జీతం పరిమితి తగ్గించి మళ్లీ తెస్తేగానీ పాస్ కాలేదు.

వాటా శాతం ఒక్కటే చూడొద్దు బావా. ఆ షేర్లలో తాకట్టులో ఎన్నున్నాయో చూడు. సత్యం తర్వాతే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ వివరాలు బయటపెట్టాలంది. యాన్యువల్ రిపోర్టు వెనకాల 'సంబంధిత పార్టీల లావాదేవీలు' అని సన్న అక్షరాల పట్టిక ఉంటుంది. తౌడు అక్కడుంటుంది.

మొన్న యాసంగి వడ్లు అమ్మేటప్పుడు నువ్వు కాంటా పక్కన రెండు గంటలు ఎండలో నిలబడ్డావు, తరుగు బస్తాకు కిలో తీస్తున్నాడా, కిలోన్నర తీస్తున్నాడా అని. ఆ మిల్లు ఓనరు నీ చిన్నప్పటి దోస్తు.