రిఫరల్ చీటీ గారికి కోనసీమ నుంచి ఒక దండం

మహారాజశ్రీ రిఫరల్ చీటీ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మా బావ కూడానండి, చేతికర్ర సాయంతో.

గుర్తున్నాడాండి? కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు. తొడ విరిగింది. తోటి దింపువాడు రెండు కొబ్బరి మట్టలు చెక్కి, కాలుకి అటొకటీ ఇటొకటీ పెట్టి, తలగుడ్డ చింపి బిగించాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్తే, 'పెద్దాసుపత్రికి తీసుకుపొండి' అంటూ పది నిమిషాల్లో తమరు పుట్టారు. అరచెయ్యంత కాయితం. అందులో మాకు తెలిసిన అక్షరాలు 'కాకినాడ' ఒక్కటే.

రూల్సు పుస్తకాల్లో వేరేగా ఉంటుందటండి. పంపేముందు ఊపిరి సరిగా ఆడుతోందో లేదో చూడాలి, రక్తం ఆపాలి, సెలైన్ పెట్టాలి, మెడ కదలకుండా పట్టీ వెయ్యాలి. స్పృహ ఎంతుందో కొలిచే స్కోరు 15 నుంచి 8కి పడిపోతే ఊపిరి కోసం గొంతులో గొట్టం వేశాకే బండెక్కించాలి. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనపడకుండానే లీటరు పైగా రక్తం లోపల పోవచ్చట! అన్నిటికీ మించి, ఈ డాక్టరు ఆ డాక్టరుకి ఫోన్ చేసి సంగతి చెప్పాలి. పాపం, ఇన్ని పనులూ తమరి ఒక్కరి నెత్తినే పడేశారు. ప్రాణం మీదికొచ్చినవాడికి వైద్యం చెయ్యడం ప్రతి డాక్టరు బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ కబురింకా గోదావరి దాటలేదేమో.

మేం మాత్రం దాటాం. ఎదుర్లంక వంతెన దిగితే యానాం, అంటే పుదుచ్చేరి వారి ఏలుబడి. కాసేపటికి మళ్ళీ మన రాష్ట్రం. అంబులెన్సులో డ్రైవరే డాక్టరు, డ్రైవరే నర్సు. గతుకొచ్చినప్పుడల్లా బావ కేక పెడుతుంటే అక్క ఆ మట్టల్ని రెండు చేతులా అదిమి పట్టుకుంది. తమరు నా చొక్కా జేబులో నాలుగు మడతలేసుకుని సుఖంగా పడుకున్నారు.

కాకినాడలో డాక్టరమ్మ "ఏం ఇంజక్షన్ చేశారు? ఎన్నింటికి?" అనడిగింది. తమర్ని విప్పి చూపించాను. చెమటకి సిరా అలుక్కుపోయి, ఆ 'కాకినాడ' కూడా లేదు.

ఆవిడ దుప్పటి తీసి కాలు చూసింది. "ఈ కట్టు ఎవరు కట్టారండీ? బాగా కట్టారు."

తమర్ని కేస్ షీటుకి పిన్ను కొట్టి భద్రంగా దాచారు. మట్టల్ని చెత్తబుట్టలో పడేశారు.

ఇట్లు,
తమర్ని మోసినవాడు