పోయిందా, కొట్టేశారా?

బెంజి సర్కిల్ దగ్గర సిటీ బస్సు ఎక్కుతుంటే మా పిన్ని సంచిలోంచి ఫోన్ కొట్టేశారు. బ్లేడుతో కోసిన గాటు సంచికి ఇంకా ఉంది. స్టేషన్‌కి నేనూ తోడు వెళ్లాను. స్టేషన్‌లో రాతకోతలు చూసే పోలీసు, రైటర్, మర్యాదగానే కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చాడు. "ఫోన్ పోయిందని రాయండమ్మా, కొట్టేశారని వద్దు. కొత్త సిమ్ తొందరగా వస్తుంది" అన్నాడు. పిన్ని అలాగే రాసి సంతకం పెట్టింది.

'పోయింది' అంటే రిజిస్టర్‌లో ఒక ఎంట్రీ. 'కొట్టేశారు' అంటే నేరం, ఎఫ్ఐఆర్, దర్యాప్తు. విజయవాడైనా గుంటూరైనా, పోలీసులు ఫిర్యాదే తీసుకోరని తిట్టుకుంటాం. నాకైతే అసలు తిరకాసు వేరే చోట కనిపిస్తోంది. ఫిర్యాదు తీసుకుంటారు, కాకపోతే అది కేసు అవకుండా చూసుకుని మరీ తీసుకుంటారు.

చట్టం చెప్పేది వేరు. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం, కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2013 నవంబరు 12న తేల్చేసింది. నిజమో అబద్ధమో ముందు చూసుకుని, ఆ తర్వాత కేసు కడతామంటే కుదరదు. 2024 జులై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం "మా పరిధి కాదు" అని తిప్పి పంపడానికీ లేదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, అంటే నేరం ఎక్కడ జరిగినా ముందు కేసు కట్టి, తర్వాత ఆ పరిధి స్టేషన్‌కి పంపాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి కూడా.

అయితే ఆ సెక్షన్‌లోనే ఓ సందు ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. పైగా కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు దొంగతనం కాగ్నిజబుల్ కాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు చేయరు. "పాత ఫోనే కదా, ఎంత చేస్తుందమ్మా?" అని రైటర్ ఊరికే అడగలేదని నాకు ఇంటికొచ్చాక వెలిగింది. కూలికి వెళ్లేవాళ్ల ఫోన్ సాధారణంగా ఆ ధర లోపుదే ఉంటుంది మరి.

పోలీసుల ఇబ్బందీ అబద్ధం కాదు. వీఐపీ వస్తే సగం స్టేషన్ బందోబస్తుకి పోతుంది. ఎఫ్ఐఆర్‌లు పెరిగితే "మీ ఏరియాలో నేరాలు పెరిగాయి" అని మీటింగ్‌లో అక్షింతలు సీఐకే పడతాయి. కేసులు కట్టినవాడు చెడ్డవాడై, కట్టనివాడు సమర్థుడయ్యే ఈ లెక్క మారనంత కాలం ఏ సెక్షన్ వచ్చినా రైటర్ చేతిలో కాగితం అదే.

స్టేషన్‌లో కేసు కట్టకపోతే పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. మేమూ ఓ సోమవారం పై ఆఫీసుకి వెళ్లాం. పిన్ని కోసిన సంచి కూడా పట్టుకొచ్చింది. అక్కడి ఉద్యోగి సంచి వైపు చూడలేదు. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం జిరాక్సు తీసి, ఒక మాట కింద వేలు పెట్టి చూపించాడు.

"పోయిందని మీరే రాశారు కదమ్మా. సంతకం కూడా మీదే."