గొలుసులో క్లాక్ ఎవరిది?

ఆప్టికల్ అవుట్‌పుట్ తప్ప సింక్ ఇన్‌పుట్ లేని 8 ఛానెళ్ల మైక్ ప్రీఆంప్ (మైకుల సిగ్నల్‌ని పెంచి డిజిటల్‌గా మార్చే పెట్టె) ఒకటి, సీడీ ప్లేయర్ ఒకటి. రెండూ ఒకే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లోకి (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టెలోకి) వెళ్తున్నాయి. డిజిటల్ శబ్దమంటే సెకనుకి వేల సార్లు తీసిన కొలతలు, అంటే శాంపిళ్లు; వాటి వేగాన్ని నడిపేది క్లాక్. అన్నిటినీ ఒకే క్లాక్‌కి లాక్ చెయ్యాలని ఒకరి వాదన, శాంపిల్ రేట్ కన్వర్టర్ పెడితే చాలని ఇంకొకరిది.

లాక్ పక్షం: ప్రీఆంప్ మీదా ఇంటర్‌ఫేస్ మీదా 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిళ్లు) అని ఉన్నా రెండూ ఒకే వేగంతో నడవవు. క్లాక్‌లని నడిపే క్రిస్టళ్ల మధ్య 20 పీపీఎం (పది లక్షలకి 20) తేడా ఉందనుకోండి, సెకనుకి దాదాపు ఒక శాంపిల్ మిగలడమో తగ్గడమో జరుగుతుంది. బఫర్ (శాంపిళ్లు కాసేపు ఆగే చోటు) ఆ తేడాని ఎంతసేపు మోస్తుంది? నిండినా ఖాళీ అయినా టిక్కుమంటుంది.

కన్వర్టర్ పక్షం: కాబట్టే కన్వర్టర్ కావాలంటున్నాను. వచ్చే వేగం ఎంతైనా అది ప్రతి శాంపిల్‌నీ మన క్లాక్‌కి తగ్గట్టు కొత్తగా లెక్కగడుతుంది. మాస్టర్ (మిగతావి అనుసరించాల్సిన క్లాక్) ఎవరన్న తగువే ఉండదు.

లాక్ పక్షం: కొత్తగా లెక్కగట్టిందంటే అసలు బిట్లు పోయినట్టే. మాటకీ పాటకీ ఆ తేడా చెవికి తెలియదు, ఒప్పుకుంటాను. అదే తీగలో డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ డేటా (కుదించిన సరౌండ్ సౌండ్) పంపి చూడండి, డీకోడర్‌కి అందేది చెత్తే. పైగా మైక్ సిగ్నల్‌కి ఆలస్యం ఒకటి తోడవుతుంది. ప్రీఆంప్‌కి బయటి క్లాక్ తీసుకునే దారి లేదు కదా, దాన్నే మాస్టర్ చెయ్యండి. ఇంటర్‌ఫేస్ సెట్టింగ్స్‌లో క్లాక్ సోర్స్‌ని 'ఇంటర్నల్' నుంచి 'ఆప్టికల్'కి మార్చి, రెండు చోట్లా ఒకే రేటు పెట్టి, లాక్ లైటు మెరవకుండా నిలకడగా వెలిగేదాకా ఆగితే సరి. ఆప్టికల్ సిగ్నల్‌లోనే క్లాక్ ఉంటుంది. వేరే తీగ అక్కర్లేదు.

కన్వర్టర్ పక్షం: బాగుంది, మరి సీడీ ప్లేయర్ మాటేమిటి? అదీ ఎవరి మాటా వినదు. పైగా దానిది 44.1 కిలోహెర్ట్జ్. ఇద్దరు మాస్టర్లకి ఒకేసారి ఎలా లాక్ చేస్తారు?

లాక్ పక్షం: చెయ్యలేం. ఆ ఒక్క ఇన్‌పుట్‌కి కన్వర్టర్ పెట్టుకోండి. మైకుల దారిలో మాత్రం వద్దు.

కన్వర్టర్ పక్షం: సరే. ఇంకోటి. ఆప్టికల్ తీగలు రెండు వైపులా కలిపి, రెండు పెట్టెలనీ 'ఎక్స్‌టర్నల్'లో (బయటి క్లాక్‌ని అనుసరించేలా) పెట్టేవాళ్లని చూస్తుంటాం. ఒకదాని వెంట ఒకటి పరుగెత్తి, చివరికి రేటు జారిపోవడమో లాక్ ఊడటమో జరుగుతుంది. కన్వర్టర్ ఉంటే ఆ ప్రమాదం ఉండేదా?

లాక్ పక్షం: ఆ తప్పుకి మందు కన్వర్టర్ కాదండీ, ఒకదాన్ని 'ఇంటర్నల్'కి మార్చడం. మ్యాక్‌లో రెండు ఇంటర్‌ఫేస్‌లని అగ్రిగేట్ డివైస్‌గా (ఒకే పరికరంలా కనబడేలా) కలిపినప్పుడూ ఇంతే. తీగతో లాక్ అయి ఉంటే డ్రిఫ్ట్ కరెక్షన్ (వేగాల తేడాని సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దే సెట్టింగ్) టిక్ తీసెయ్యాలి, లేకపోతే క్లాక్ సోర్స్ కాని పరికరానికి మాత్రమే పెట్టాలి.

కన్వర్టర్ పక్షం: లాక్ లైటు వెలిగింది కాబట్టి అంతా సవ్యమని నమ్మమంటారా?

లాక్ పక్షం: నమ్మకండి. 1 కిలోహెర్ట్జ్ సైన్ టోన్‌ని గొలుసు గుండా పంపి పది నిమిషాలు రికార్డు చెయ్యండి. శుద్ధమైన టోన్‌లో ఒక్క శాంపిల్ జారినా హెడ్‌ఫోన్లో టిక్కు వినబడుతుంది. పాటలో అయితే డ్రమ్ముల కింద దాక్కుంటుంది.