కనిపించే వయసు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు సైన్యంలో చేరే ఐర్లండు యువకుడి వివరాలు రాసుకునే పత్రంలో ఒక గడి ఉండేది. దాని పేరు ‘కనిపించే వయసు’. అభ్యర్థి చెప్పుకున్న వయసు ఒకచోట, డాక్టరుగారి కంటికి తోచిన వయసు మరొకచోట. జనన ధ్రువపత్రం తెమ్మని ఒత్తిడి చేసే అనాగరికులు అక్కడ లేరు. పొద్దున తల్లికి పదిహేనేళ్లవాడిగా కనిపించి గంజి తాగి బయల్దేరిన కుర్రవాడు మధ్యాహ్నానికి డాక్టరుకు పందొమ్మిదేళ్లవాడిగా కనిపించేవాడు. పరీక్షించిన డాక్టరుకు తలకు రెండున్నర షిల్లింగులు ముడుతున్నప్పుడు కంటిచూపు ఎంత ఉదారంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐర్లండులోని వాటర్‌ఫర్డ్‌కు చెందిన, ఆ యుద్ధంలో చనిపోయిన సైనికుడు జాన్ కాండన్ పేరిట బెల్జియంలో నిలిచిన సమాధిరాయి మీద వయసు 14 అని ఉంది. అది తప్పు, 18 అని వాదించే పరిశోధకులూ ఉన్నారు. అంటే వందేళ్లు గడిచినా ఆ గడి నింపడం ఇంకా పూర్తి కాలేదన్నమాట.

ఎత్తు సంగతి ఇంకా శాస్త్రీయమైనది. యుద్ధారంభంలో 5 అడుగుల 3 అంగుళాలుంటే చాలు. జనం విరగబడి రావడంతో 1914 సెప్టెంబరులో దాన్ని 5 అడుగుల 6 అంగుళాలకు పెంచారు. రద్దీ తగ్గేసరికి అక్టోబరులో 5 అడుగుల 4 అంగుళాలకు, నవంబరులో మళ్లీ 5 అడుగుల 3 అంగుళాలకు దించారు. అక్టోబరులో పనికిరాని వెన్నెముక నవంబరులో పనికొచ్చింది. అదీ చాలక 5 అడుగులవాళ్లకోసం ఇంగ్లండులో ప్రత్యేకంగా పొట్టిజాతి కోళ్ల పేరుతో ‘బాంటం’ పటాలాలు పుట్టాయి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని సైన్యాధికారులు అప్పుడే కనుగొన్నారు కాబోలు.

డాక్టరు సంతకం చేసే ధ్రువీకరణ నాకు మరీ ఇష్టం. అభ్యర్థికి రెండు కళ్లూ కనిపిస్తున్నాయి, గుండె, ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నాయి, కీళ్లు కదులుతున్నాయి అని డాక్టరు తన పూచీ మీద రాస్తాడు. మూర్ఛల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అవి తనకు లేవని అభ్యర్థే చెబుతున్నాడని రాస్తాడు. డబ్లిన్‌లో ఇరవై వేలకు పైగా కుటుంబాలు ఒక్కొక్క గదిలో కాపురముంటున్నాయని 1914లో సర్కారీ విచారణ నివేదికే తేల్చింది. అలాంటి గదినుంచి, రోజుకు ఒక షిల్లింగు జీతానికీ ఇంట్లో భార్యకు దొరికే భత్యానికీ వచ్చినవాడు తనకు మూర్ఛలున్నాయని ఒప్పుకుంటాడా? 1916 నాటి నిర్బంధ సైనిక సేవా చట్టం ఐర్లండుకు వర్తించలేదు గనుక వీళ్లంతా స్వచ్ఛందంగా చేరినవాళ్లేనట. ఐర్లండు సోషలిస్టు నాయకుడు జేమ్స్ కానలీ దాన్ని ఆర్థిక నిర్బంధమన్నాడు. పత్రంలో దానికి గడి లేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కందకాల బురదలో నానిన ఊపిరితిత్తులతో, నెత్తురు కక్కుతూ క్షయరోగులై సైన్యం నుంచి బయటపడినవాళ్లున్నారు. యుద్ధపు తొలి సంవత్సరాలలో వాళ్లు పింఛను అడిగితే, ఈ జబ్బు సైనిక సేవవల్ల వచ్చింది కాదు, చేరకముందునుంచీ ఉన్నదే అని తిప్పి పంపేవారు. చేరకముందునుంచీ ఉందట! మరి ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నాయని సంతకం చేసింది ఎవరయ్యా? ఆ సంతకానికి రెండున్నర షిల్లింగులు చెల్లించింది ఎవరు? సేవవల్ల ముదిరిన పాత జబ్బుకూ పూర్తి పింఛను ఇవ్వాలని 1917లోగానీ ఆ పెద్దమనుషులకు తోచలేదు. ఈలోపు మంచం పట్టినవాడు పింఛను కోసం ఎదురుచూస్తూ డబ్లిన్‌లోని ఆ ఒక్క గదిలోనే, పిల్లల పక్కనే పడుకుని దగ్గాడు.