లేని సేమియా పోగులు

సంక్రాంతికి డాలస్‌లోని మా ఇంటికొచ్చిన మిత్రులు గోడమీది ఫొటో చూసి ముందు అడిగింది, "టెలిస్కోప్ ఎంతైంది?" అని. తర్వాత, "ఇన్ని రాత్రులెందుకు, ఏఐ ఉందిగా?" అని. మొదటిదానికి అక్కడే చెప్పేశాను. రెండోదే నన్ను వదల్లేదు.

ఫొటోలో ఉన్నది సిమిస్ 147, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం శిథిలం. వృషభం కొమ్ము చివర ఎల్‌నాత్ నక్షత్రం పక్కన ఉంటుంది. 1952లో క్రిమియాలోని అబ్జర్వేటరీ వాళ్లు గుర్తించారు. వెడల్పు సుమారు 3 డిగ్రీలు, అంటే ఆరు పున్నమి చందమామల్ని పక్కపక్కన పేర్చినంత. అయినా కంటికి ఆనదు, అంత మసక. ఇక్కడివాళ్లు స్పగెటీ నెబ్యులా అంటారు (నెబ్యులా అంటే అంతరిక్షంలోని వాయు మేఘం). మా చిన్నది సేమియా అంది, ఇంట్లో అదే పేరు స్థిరపడింది.

దీనికి పెద్ద టెలిస్కోప్ దండగ, ఫ్రేములో పట్టదు. నాది 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం; అది తగ్గేకొద్దీ ఎక్కువ ఆకాశం పడుతుంది) ఉన్న బుల్లి టెలిస్కోప్. వీధిదీపాల వెలుగుకు విరుగుడు ఫిల్టరు: హైడ్రోజన్ విడుదల చేసే 656.3 నానోమీటర్ల ఎర్రకాంతి చుట్టూ సన్నని పట్టీని మాత్రం లోపలికి రానిస్తుంది. ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో ఫొటో తీయడానికి, 5 నిమిషాలు. అవన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే, గింజగింజలుగా కనబడే నాయిస్ తగ్గి పోగులు తేలతాయి. తిరకాసల్లా లెక్కలో ఉంది. స్పష్టత రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు పెట్టాలి. 2 గంటల ఫొటోకన్నా 18 గంటల ఫొటో మూడింతలే మెరుగు. నవంబరు, డిసెంబరు రాత్రులన్నీ ఆ మూడింతల కోసమే పోయాయి. మా ఆవిడ దీన్ని మరోలా వర్ణిస్తుంది, అది ఇక్కడ రాయలేను.

మొదటి 2 గంటలయ్యాక నేనూ ఆశపడ్డాను. ఉన్న 24 ఫ్రేముల్నీ పేర్చి, బొమ్మకు పదును పెడతానన్న ఒక ఏఐ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. నిమిషంలో అద్దంలాంటి బొమ్మ వచ్చింది, సన్నసన్నని పోగులతో. మురిసిపోయి నలుగురికీ పంపాను కూడా. 18 గంటలు పూర్తయ్యాక పక్కన పెట్టి చూస్తే, ఎడమవైపు మూడు పోగులు ఆకాశంలో లేనేలేవు. నాయిస్‌ని చూసి అది అల్లిన కథ. పంపినవాళ్లందరికీ మళ్లీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది.

నాయిస్ తగ్గించే సాధనాలు నేనూ వాడతాను, వాటితో తగువు లేదు. గోడకు అందమైన బొమ్మ చాలనుకుంటే ఏదైనా వాడుకోవచ్చు. దాన్ని ఆకాశం ఫొటో అనడమే నాకు మింగుడుపడదు. అందుకే మన సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం: మన ఫొటో పోటీలో ఆకాశం బొమ్మలకు ఎన్ని గంటల ఎక్స్‌పోజరో, ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేసిందో రాయమనండి. నా సేమియాకు ఆక్సిజన్ ఫిల్టరు ఫ్రేములు ఇంకా బాకీ. వెన్నెల్లో అవి కుదరవు, అమావాస్య దగ్గరి రాత్రులే కావాలి. కాబట్టి ఫిబ్రవరి సమావేశం ఏ రాత్రి పెడుతున్నారో కాస్త ముందుగా చెప్పండి.